గ్రైండర్‌తో కర్ర కోయొచ్చా?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. ఇంటి వెనక రేకుల షెడ్డులో బల్ల వేసుకుని, పాత ఇంటి తలుపులు, దూలాల కలపతో పీటలు, స్టూళ్లు చేసుకుంటుంటాను. 4 అంగుళాల గ్రైండర్, మార్బుల్ కట్టర్, పాత ఇనప బాడీ డ్రిల్లు ఉన్నాయి. మా పక్క మేస్త్రులు గ్రైండర్‌కి గార్డు తీసేసి 40 పళ్ల కర్ర బ్లేడు వేసి కోసేస్తున్నారు. నేనూ అలాగే వేశాను. పోయిన వారం దూలం కోస్తుంటే మిషను ఒక్కసారి వెనక్కి ఎగిరి లుంగీ అంచు పట్టేసింది. తొడ గీరుకుపోయింది, అంతటితో పోయింది. రెండు చేతులా గట్టిగా పట్టుకుంటే ఏమీ కాదంటున్నారు, నిజమేనా? డ్రిల్లు పట్టుకుంటే ఒక్కోసారి జిల్లుమంటోంది, అది మామూలేనా? ఇంటర్ చదివే మా అబ్బాయి కూడా నేర్చుకుంటానంటున్నాడు. వాడి చేతికి ఇవ్వొచ్చా?

జవాబు: గట్టిగా పట్టుకుంటే సరిపోదండీ. డ్రిల్లు జిల్లుమనడం మామూలూ కాదు. ముందు ఆ కర్ర బ్లేడు విప్పి పక్కన పెట్టండి, డ్రిల్లు ప్లగ్గు పీకేసి రండి. మిగతాది ఆ తర్వాత చదవండి.

4 అంగుళాల గ్రైండర్ ఖాళీగా తిరిగేటప్పుడు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. 100 మిల్లీమీటర్ల చక్రం అంచు ఆ లెక్కన గంటకు 200 కిలోమీటర్ల పైన పరుగెడుతుంది. ఇనుము కోసే చక్రమైతే తగిలిన చోట కొద్దికొద్దిగా అరగదీస్తుంది, తానూ అరిగిపోతుంది. పళ్ల బ్లేడు అలా కాదు, కొరుకుతుంది. ఒక్క పన్ను కర్రలో లోతుగా దిగి చిక్కుకుందా, అప్పటిదాకా బ్లేడును తిప్పుతున్న బలమంతా మిషను మీదికి తిరగబడి, దాన్నే మీ వైపు విసిరేస్తుంది. ఏదో జరిగిందని తెలిసి మనిషి చెయ్యి బిగుసుకోవడానికి సెకనులో ఐదో వంతు పడుతుందనుకుందాం. ఆ లోపల బ్లేడు 36 చుట్లు తిరిగేస్తుంది. 40 పళ్లు కదా, 1,400 పైచిలుకు పళ్లు ఆ చోటు దాటిపోయాక మీ చెయ్యి మేలుకుంటుంది. రెండు చేతుల బలం ఇక్కడ ఎందుకు చాలదో దీన్నిబట్టే తెలుస్తుంది.

పన్ను ఎందుకు చిక్కుకుంటుందంటే, గ్రైండర్‌కి కింద ఆనుకునే ప్లేటు లేదు. కోత సన్నటి తిన్నటి చీలిక. చెయ్యి కాస్త పక్కకి ఒరిగితే చాలు, బ్లేడు వొంటి రెండు పక్కలూ చీలిక గోడలకి రాసుకుని బిగుసుకుంటుంది. పైగా చాలా గ్రైండర్లకి స్విచ్చు ముందుకి తోస్తే అలాగే ఉండిపోతుంది. చెయ్యి జారి కింద పడ్డా తిరుగుతూనే ఉంటుంది, నేల మీద పాకుతుంది. ఇక గార్డు మీరే తీసేశారు. గార్డు ఉన్నప్పుడు పెద్ద చక్రం పట్టకుండా అదే ఆపేది. అది పోయాక 5 అంగుళాల బ్లేడు కూడా పట్టేస్తుంది, కొందరు వేస్తున్నారు కూడా. ఇంకో తంటా బెజ్జం. గ్రైండర్ చక్రాల నడుమ బెజ్జం 16 మిల్లీమీటర్లు, మార్బుల్ కట్టర్ బ్లేడుది 20. ఏదో వాషరు పెట్టి సరిపెడితే బ్లేడు నడిమధ్యకి కూర్చోదు, ఆ వేగంలో అదురుతుంది, నట్టు వదులవుతుంది.

ప్యాకెట్టు మీద గ్రైండర్ బొమ్మ ఉందనో, అందరూ ఇదే పట్టుకెళ్తున్నారని షాపులో అన్నారనో ధైర్యపడకండి. గ్రైండర్ డబ్బాలో వచ్చిన చిన్న పుస్తకం తీసి చూడండి. పళ్ల బ్లేడు, చెయిన్ బ్లేడు వేయొద్దని చాలా కంపెనీలు అందులోనే రాస్తాయి. చదివేవాళ్లు తక్కువ, అంతే.

మార్బుల్ కట్టర్‌కి ప్లేటు ఉంది కదా, దానికి వేద్దామా అని మీకు తప్పకుండా తోస్తుంది. గ్రైండర్ కన్నా నయమే. కానీ దాని గార్డు పై సగమే కప్పుతుంది. కింద సగం బ్లేడు ఎప్పుడూ బయటే ఉంటుంది, వేగమూ గ్రైండర్‌కి తక్కువేం కాదు. పళ్లు లేని రాతి బ్లేడుకి ఆ ఏర్పాటు చాలు, పళ్ల బ్లేడుకి చాలదు. తిన్నటి కోతలకి 7 అంగుళాల సర్క్యులర్ సా, అంటే గుండ్రటి బ్లేడు రంపం మిషను, కొనుక్కోండి. అది నిమిషానికి 5,000 చుట్ల దగ్గర తిరుగుతుంది. కింద స్ప్రింగు గార్డు ఉంటుంది. కర్రలోకి దిగేటప్పుడు వెనక్కి జరిగి, బయటికి రాగానే టప్పున మూసుకుంటుంది. స్విచ్చు వదిలితే కరెంటు ఆగుతుంది. వంపు కోతలకి, సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడే జిగ్‌సా. ఇప్పుడు రెండూ కొనలేనంటే చేతి రంపమే మేలు. పీట నడుమ గుంత తొలచాలంటే ఉలి చాలు. పనస దుంగతో వీణ చేసే బొబ్బిలి గొల్లపల్లిలో ఉలి పనితనం చూస్తే తొలుపుకి మిషను ఎందుకనిపిస్తుంది. గ్రైండర్‌తో కర్రని నున్నగా అరగదీయాలనుకుంటే 40, 60 నంబరు గరుకు కాగితం రేకలు అతికించిన ఫ్లాప్ డిస్కు వేసుకోండి, గార్డు ఉంచే.

దూలం సంగతికి వద్దాం. రెండు చివర్లా ఇటుకలు పెట్టి నడిమికి కోశారనుకుంటాం. కోత దిగుతున్నకొద్దీ దూలం తన బరువుకే నడుము వంచుతుంది. చీలిక పైభాగం మూసుకుని బ్లేడును పటకారులా పట్టేస్తుంది. ఇది సర్క్యులర్ సాతోనూ జరుగుతుంది, కాబట్టి మిషను మార్చినంత మాత్రాన తీరదు. తెగి పడేది చిన్న ముక్క అయితే దాన్ని గాల్లో వదిలేసి, పెద్ద ముక్కని మాత్రమే బల్లకి రెండు క్లాంపులతో బిగించండి. తెగినప్పుడు అది కిందికి జారిపోవాలి, అడ్డం ఉండకూడదు. రెండు ముక్కలూ పెద్దవైతే కోతకి ఇటు రెండు, అటు రెండు, మొత్తం నాలుగు ఆనికలు పెట్టండి. అప్పుడు తెగినా ఏ ముక్కా వంగదు. నిలువుగా చీల్చేటప్పుడు పాత కలప లోపలి బిగువుకి చీలిక వెనకనుంచి దగ్గరపడుతుంటుంది. ఒక జానెడు కోసి, మిషను ఆపి, బ్లేడు పూర్తిగా నిలిచాక వెనక చీలికలో సన్నటి చెక్క ముక్క దూర్చి మళ్లీ మొదలెట్టండి. బ్లేడు లోతు పలక అడుగు నుంచి 5, 6 మిల్లీమీటర్లు బయటికి వచ్చేంత చాలు. తిరుగుతున్న మిషనుని వెనక్కి లాగొద్దు, బ్లేడు వరసలో నిలబడొద్దు. ఓ పక్కకి నిలబడితే తన్నినా మీ పక్కనుంచి పోతుంది. కింది గార్డు అడ్డొస్తోందని మేకుతోనో తీగతోనో ఎత్తి కట్టేసేవాళ్లున్నారు. దానికన్నా ఆ మిషను కొనకపోవడమే మంచిది.

పాత కలపలో మేకులు ఉంటాయి. తలలు విరిగి లోపలే ఉండిపోయినవి కంటికి కనపడవు. మేకు చుట్టూ కలప తరచుగా నల్లగా మారుతుంది, టేకులో ఆ మచ్చ బాగా తెలుస్తుంది. ముందు చిత్రికతో పైపొర తీసి మచ్చలు చూడండి. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి మెల్లగా దాటిస్తే మేకు ఉన్నచోట లాగుతుంది. బ్లేడు పళ్ల కొసన అతికించిన గట్టి లోహపు ముక్క మేకుకి తగిలితే విరిగి గుండులా ఎగురుతుంది. పళ్లు పోయిన బ్లేడును ఇంకోసారి వాడొద్దు.

బట్టల మాట చెప్పక తప్పదు. లుంగీ, భుజం మీద తువ్వాలు, చేతులు జారే చొక్కా, మెళ్లో పొడవాటి గొలుసు, ఇవేవీ షెడ్డులో వద్దు. ప్యాంటు, మోచేతి పైకి బిగుతుగా ఉండే చొక్కా, రబ్బరు అడుగున్న బూట్లు. ఉక్కపోతకి చొక్కా విప్పేసి పనిచేస్తే నిప్పురవ్వలు తెలుస్తాయి. గ్లౌజుల విషయంలో మాత్రం చాలామంది తిరగేసి చేస్తారు. గ్రైండర్‌కి చేతికి బిగుతుగా పట్టే తోలు గ్లౌజులు పర్లేదు. డ్రిల్లుకి, ఏ తిరిగే బిట్టు దగ్గరికైనా గ్లౌజులు పనికిరావు. గుడ్డ కొస బిట్టుకి చుట్టుకుంటే చెయ్యి దాంతోపాటే తిరుగుతుంది. రేకుకి బెజ్జం పెట్టేటప్పుడు కూడా ఒక చేత్తో రేకు పట్టుకోవద్దు. బిట్టు అవతలికి దాటే క్షణంలోనే అది రేకుని కొరికి పంకాలా తిప్పేస్తుంది. కింద చెక్క వేసి, రేకుని దానికి క్లాంపు బిగించి, ఆఖర్న నొక్కుడు తగ్గించండి.

ఇప్పుడు ఆ జిల్లు. ఇనప బాడీ డ్రిల్లుకి మూడు పిన్నుల ప్లగ్గు, అందులో ఎర్తు తీగ ఉండి తీరాలి. లోపల ఇన్సులేషను దెబ్బతిని కరెంటు బాడీకి కారుతోంది. ఎర్తు బాగుంటే ఆ కారుడు భూమిలోకి పోయేది, మీ చేతికి తెలిసేది కాదు. అంటే తప్పులు రెండున్నాయి, మిషనులో ఒకటి, ఎర్తులో ఒకటి. ప్లగ్గు విప్పి చూస్తే పచ్చ తీగ పెద్ద పిన్నుకి ఉందో లేదో తెలుస్తుంది. గోడ సాకెట్టులో పెద్ద బెజ్జం వెనక అసలు తీగే లేని ఇళ్లు బోలెడు. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్తు గుంత దాకా మీటరుతో కొలిపించండి, ఎండాకాలంలో కొలిస్తే నిజం తెలుస్తుంది, ఎందుకంటే అప్పుడే నేల ఎండి ఎర్తు బలహీనపడుతుంది. ఆ డ్రిల్లు రిపేరుకి పెట్టే డబ్బు కన్నా, పేరు పలక మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉన్న కొత్తది కొనడం మేలని మా అభిప్రాయం. ఆ గుర్తుంటే రెండు పొరల ఇన్సులేషను ఉన్నట్టు, దానికి ఎర్తు అక్కర్లేదు, రెండు పిన్నుల ప్లగ్గే వస్తుంది.

షెడ్డు లైనుకి, కరెంటు బయటికి కారితే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వేయించండి. ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చు, ఉంది కదా అంటారు. ఎంసీబీ కాపాడేది తీగని. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే 16 ఆంపియర్లు దాటాలి, మనిషి గుండె లయ తప్పడానికి ఆంపియరులో పదో వంతు చాలు. ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్టు బొత్తాం నెలకోసారి నొక్కండి, టక్కున పడాలి. పడకపోతే అది గోడకి అలంకారమే. ఒక మాట గుర్తుంచుకోండి, ఫేజు ఒక చేత్తో, న్యూట్రల్ ఒక చేత్తో పట్టుకుంటే ఆర్‌సీసీబీకి కూడా తెలియదు. రేకుల షెడ్డు కాబట్టి ఇంకో జాగ్రత్త. వైరు రేకు అంచు మీదుగానో, తలుపు సందులోంచో లాగితే రాపిడికి పైపూత తెగి షెడ్డు మొత్తానికి కరెంటు పాకుతుంది. పైపులో వేసి తేవాలి.

ఎక్స్‌టెన్షన్ విషయం క్లుప్తంగా. 850 వాట్ల గ్రైండర్ 4 ఆంపియర్ల లోపు తీసుకుంటుంది, 1,400 వాట్ల సర్క్యులర్ సా 6 పైనే లాగుతుంది కాబట్టి దానికి 16 ఆంపియర్ల సాకెట్టు కావాలి. వైరు మూడు తీగలది, 1.5 చదరపు మిల్లీమీటర్లు. 20 మీటర్లు దాటితే 2.5. చుట్ట మీద ఉన్నది మొత్తం విప్పెయ్యండి, చుట్టలో వేడెక్కి కరుగుతుంది. సాయంత్రాలు వోల్టేజీ 200 కిందికి పడితే ఆపెయ్యండి. మోటారు నెమ్మదిస్తుంది, దాని ఫ్యానూ నెమ్మదిస్తుంది, మీరు ఇంకా నొక్కుతారు, కాలిపోతుంది. రోజూ అలాగే ఉంటే 1912కి ఫోను చేసి చెప్పండి. మన దగ్గర అసలు ప్రమాదం కరెంటు పోవడంలో కన్నా రావడంలో ఉంది. కరెంటు పోగానే గ్రైండరుని బల్ల మీద పెట్టేసి టీకి పోతారు, స్విచ్చు ఆన్‌లోనే ఉంటుంది. కరెంటు వచ్చిన క్షణాన అది బల్ల మీంచి దూకుతుంది. పోగానే స్విచ్చు ఆపి ప్లగ్గు పీకే అలవాటు చేసుకోండి.

గ్రైండరుని ఇనుముకి నిక్షేపంలా వాడుకోండి. పోయిన గార్డు విడిగా దొరుకుతుంది, మోడల్ నంబరు చూపించి సర్వీసు సెంటరులో అడగండి. అది వచ్చేదాకా ప్లగ్గు పెట్టొద్దు. చక్రం నడుమ లోహపు రింగు మీద నెల, సంవత్సరం అచ్చేసి ఉంటాయి, అది సాధారణంగా గడువు తీరే తేదీ. జిగురు చక్రాలకి తయారైన నాటి నుంచి 3 ఏళ్లు లెక్క. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో చెమ్మ పీల్చి ఇంకా ముందే బలం పోతుంది, అందుకని గాలి చొరని డబ్బాలో, పడుకోబెట్టి దాచండి. చక్రం మీద రాసిన గరిష్ఠ వేగం గ్రైండర్ వేగం కన్నా ఎక్కువుండాలి. కొత్త చక్రం బిగించాక ఓ నిమిషం, రోజూ మొదట్లో అర నిమిషం, ఎవరూ ఎదురు లేకుండా ఖాళీగా తిప్పండి. పగిలేది చాలావరకు అప్పుడే పగులుతుంది. 1 మిల్లీమీటరు కోత చక్రం పక్కతో అరగదీయొద్దు, అప్పడంలా విరుగుతుంది. అరగదీయడానికి 6 మిల్లీమీటర్ల చక్రం వేరే ఉంది. చక్రం మార్చేటప్పుడు ప్లగ్గు తీసి ఉండాలి, ప్రతిసారీ.

రవ్వలు 2, 3 మీటర్లు సులువుగా పోతాయి. షెడ్డు పక్క గడ్డివాము, తాటాకు పందిరి, మూల రంపపు పొట్టు కుప్ప ఉంటే ఇనుము కోత అక్కడ పెట్టుకోవద్దు. పొట్టులో రవ్వ లోపల్లోపల రాజుకుంటుంది, మంట గంట తర్వాత కనిపిస్తుంది. పని అయ్యాక అరగంట ఆగి ఒకసారి, గంట దాటాక ఇంకోసారి చూడండి, ఒక బకెట్టు ఇసుక దగ్గర ఉంచుకోండి. అవిసె నూనెతో పాలిషు తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. తీగ మీద విడివిడిగా ఆరేసి, తర్వాత పారెయ్యండి.

కంటికి పక్కలు మూసిన గాగుల్స్ పెట్టుకోండి. చదువుకునే కళ్లద్దాలు లెక్కలోకి రావు. గ్రైండర్ మోత తరచు 95, 100 డెసిబెల్స్ దాకా వెళ్తుంది. 85 దగ్గర 8 గంటలు ఉండొచ్చంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగం అవుతుంది. ఆ లెక్కన 100 దగ్గర 15 నిమిషాలే. చెవి ప్లగ్గులు చవక, పెట్టుకోండి. కర్ర పొట్టుకి ఎన్‌95 మాస్కు. గట్టి కలప పొట్టు ఏళ్ల తరబడి పీలిస్తే ముక్కు లోపల క్యాన్సరు వస్తుందని తేలిన విషయమే. మార్బుల్ కట్టర్‌తో టెక్కలి గ్రానైటు ముక్కలు పొడిగా కోస్తే లేచే దుమ్ము ఇంకా చెడ్డది, ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. నీళ్లు చిలకరిస్తూ కోయాలి, అప్పుడు ఆర్‌సీసీబీ లేకుండా అసలు వద్దు.

తెగితే పసుపు, కాఫీ పొడి అద్దొద్దు. ఉతికిన గుడ్డతో గాయాన్ని నేరుగా నొక్కి, చెయ్యి గుండె కన్నా ఎత్తుగా పట్టుకుని 108కి చెయ్యండి. వేలు తెగి పడితే తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో కట్టి, ఆ కవరుని మంచులో పెట్టండి. వేలు నేరుగా మంచుకి తగలకూడదు. కంట్లో ఇనప రజను పడితే నలపడం, తువ్వాలు కొసతో తీయించుకోవడం మానేసి అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆలస్యమైతే రజను చుట్టూ తుప్పు వలయం కడుతుంది. షాకు కొట్టి పట్టేస్తే మనిషిని ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపండి.

అబ్బాయికి నేర్పండి, తప్పేం లేదు. ఈ ఏడాది చేతి రంపం, చిత్రిక, క్లాంపు బిగించడం, కొత్త డ్రిల్లు. తర్వాత జిగ్‌సా. బ్లేడు మార్చేముందు మీరు గుర్తు చేయకుండానే వాడు ప్లగ్గు పీకుతున్నాడా అని ఓ రెండు మూడు నెలలు గమనించండి. అది చేతికి అలవాటయ్యాక సర్క్యులర్ సా మీరు పక్కనుండగా ఇవ్వొచ్చు, గ్రైండర్ అన్నిటికన్నా ఆఖర్న. మీరు లేనప్పుడు షెడ్డు మెయిన్‌కి తాళం ఉండాలి, ఆ తాళం చెవి షెడ్డులో మేకుకి వేలాడకూడదు.